పూజకు మాత్రమే

మా నాన్న బతికుండగానే మా అమ్మ ఏడాదికి పైగా నుదుట బొట్టు లేకుండా తిరిగింది. ఈ వాక్యం చదివి తెలుగువాళ్ళు ఎవరైనా ఒక్కసారి ఉలిక్కిపడతారని నాకు తెలుసు. మా రైల్వే కాలనీ కూడా ఉలిక్కిపడింది. ఉలిక్కిపడి ఊరుకుంటే బాగుండేది, పరామర్శలకు బయలుదేరింది.

తొంభైల మధ్యలో జరిగిన సంగతి ఇది. నాన్న బిలాస్‌పూర్‌లో గూడ్సు రైళ్ళకు గార్డు. నేను డిగ్రీ చదువుతున్నాను. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబం మాది. తరాలు మారినా కొన్ని సరుకులు మాత్రం ఊరి నుంచే రావాలి. చింతపండు, తాటి బెల్లం, కుంకుమ. అక్కడి కుంకుమ పసుపుకొమ్ములను నిమ్మరసంలో నానబెట్టి, పటికా వెలిగారమూ వేసి దంచినది. పవిత్రతకు లోటు లేదు కానీ రంగు మాత్రం ఇటుకపొడికి అక్కాచెల్లెలు. ఎండలో నాలుగడుగులు వేస్తే కరిగి ముక్కు మీదికి జారేది. అమ్మ దాన్ని రోజుకు మూడుసార్లు దిద్దుకునేది, మూడుసార్లూ విసుక్కునేది.

ఒక ఏడు ఊరి నుంచి ఎవరూ రాలేదు, ఇంట్లో కుంకుమ నిండుకుంది. అమ్మ బుధవారీ బజార్లో ప్యాకెట్ కుంకుమ కొంది. తిఫ్రా వైపు ఏదో షెడ్డులో తయారయ్యే సరుకది. ప్యాకెట్ మీద లక్ష్మీదేవి కూర్చుని ఉంది, లోపల పొడి మంకెన పువ్వులా ఉంది. చెమటకు కరగదు, నీళ్ళకు చెదరదు, పొద్దున పెట్టుకుంటే రాత్రి అన్నాలప్పుడు కూడా అలాగే మెరుస్తుంది. కరగని కుంకుమను చూసి అనుమానపడాల్సింది పోయి మురిసిపోయాం. పక్క క్వార్టర్లో ఉండే ఆవిడ, అమ్మకు వదిన వరస, నాకు అత్త, వాకిట్లో నిలబడి చూసి చూసి, "ఏ కొట్లో కొన్నావొదినా, మొకానికి కరెంటు దీపం ఎట్టినట్టుంది" అంది. వారం తిరిగేసరికి ఆ లైన్లో క్వార్టర్లన్నిటిలోనూ దీపాలు వెలిగాయి.

మిగతావాళ్ళ నుదుళ్ళు ఏ రాతితో చేసినవో కానీ మా అమ్మది మాత్రం మామూలు చర్మం. మొదట దురద, తరవాత మంట, ఆపైన పుండు. పుండు మానిందని సంతోషించేలోపు అక్కడ చర్మం రంగు పోయి తెల్లగా తేలింది. రూపాయి బిళ్ళంత, గుండ్రంగా, కొలిచి పెట్టినట్టు బొట్టు పెట్టుకునే చోటే. రైల్వే ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు ప్యాకెట్ తెప్పించుకుని చూశాడు, వాసన చూశాడు, వేలికి రాసుకుని సబ్బుతో కడుక్కున్నాడు. వేలి ఎరుపు పోలేదు. ఇది కుంకుమ కాదు, ఏదో రంగు రసాయనం, ఇక మీదట నుదుటికి ఏదీ తాకకూడదు, ఇంటి కుంకుమైనా అతికించుకునే బిళ్ళయినా ఒకటే అన్నాడు.

"బొట్టు నేకుండా ఎలాగుంటాను బాబూ" అంది అమ్మ. డాక్టరు బెంగాలీ. ఆ ప్రశ్నలో ఉన్న బరువు ఆయనకు అందలేదు. మందు రాసిచ్చి పంపేశాడు.

అమ్మ చాలా ఉపాయాలు చూసింది. చివరికి కొంగు తల మీదుగా లాగి కనుబొమల దాకా దించుకోవడం ఒకటే మిగిలింది. మనవాళ్ళలో ఆడవాళ్ళు ముసుగు వేసుకోరు. అమ్మ అలా కనిపించేసరికి కాలనీలో స్థానికులు, భాభీజీకి ఇన్నాళ్ళకు మా పద్ధతి వచ్చిందని మెచ్చుకున్నారు. తెలుగువాళ్ళు మాత్రం "మార్వాడీ కోడలివి అయిపోయావేటి" అని దెప్పారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు కదా. కాకులకు ఏమో కానీ మా కాలనీకి మాత్రం అది చాలా రోజుల కాలక్షేపం.

ఒక ఉదయం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గాలికి అమ్మ కొంగు జారింది. వెనక లైన్లో ముసలమ్మ ఒకావిడ చూసింది. పావుగంటలో మా ఇంటికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నేల మీద చతికిలబడి రాగం అందుకుంది. నాన్న ముందురోజు డ్యూటీ దిగి పడుకున్నాడు. ఆ రాగానికి నిద్ర లేచి, లుంగీ సర్దుకుంటూ, నోట్లో పళ్ళపుల్లతో బయటికి వచ్చాడు. ముసలమ్మ ఏడుపు మధ్యలో ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వేటి బాబూ ఇక్కడ?" అంది.

"మా ఇల్లే కదమ్మా" అన్నాడు నాన్న.

ఆవిడ వెళ్ళిపోయేటప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నట్టే కనిపించింది. మేం ఆ పూటంతా నవ్వాం, అమ్మ కూడా నవ్వింది.

కానీ తోర్వా బజార్లో గాజులావిడ దగ్గర జరిగినదానికి ఎవరమూ నవ్వలేదు. గంపలో ఎర్రగాజులు చూసి అమ్మ ముచ్చటపడి చెయ్యి చాపింది. గాజులావిడ ఆ చెయ్యి పట్టుకుని, తలెత్తి ముసుగులోకి చూసి, చాలా నెమ్మదిగా "రహనే దో బాయీ" అని చెయ్యి వదిలేసింది. వద్దులే అమ్మా అని. తిట్టలేదు, ఈసడించలేదు. జాలి పడింది. అమ్మ ఇంటికి వచ్చి చెప్పులతోనే మంచం మీద కూర్చుంది. నాన్న మంచినీళ్ళు ఇస్తే పక్కన పెట్టేసింది.

"కేసెట్టాల" అంది.

"ఎవరిమీద? గాజులదాని మీదా?"

"ఆ కుంకాలోడి మీద. నా మొకం ఎలాగూ పోయింది. ఆ పొడి కొట్లల్లోంచి పోవాల. ఇంకో ఆడదాని చెయ్యి అలాగ వొదిలీకూడదు."

ఒక్క షరతు మాత్రం పెట్టింది. కోర్టు గానీ కచేరీ గానీ, జనం ముందు కొంగు తియ్యమంటే తియ్యను అంది.

నాన్నకు పండగే అయింది. జీవితమంతా ఎర్రజెండా పచ్చజెండా ఊపిన మనిషి. తప్పు కనిపిస్తే బండి ఆపాలి, అంతే ఆయనకు తెలిసింది. వాకబు చేసుకుని వచ్చి వినియోగదారుల ఫోరం ఒకటుందని, అక్కడ వకీలు కూడా అక్కర్లేదని, ప్రమాదకరమైన సరుకు అయితే అమ్మకం నుంచి వెనక్కి తీసుకోమని ఆర్డరు వేసే అధికారం కూడా వాళ్ళకు కొత్తగా వచ్చిందని చెప్పాడు. ఇదంతా చెప్పి, "నాను మాట్లాడతాను, నా హిందీ బావుంటాది" అన్నాడు.

నాన్న హిందీ గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఆ గడ్డ మీదే ఉద్యోగం చేసినా ఆయన హిందీ ప్లాట్‌ఫారం దాటి ఊళ్ళోకి వెళ్ళలేదు. బండి, సిగ్నల్, డ్యూటీ, టీ గురించి ఆయన ధారాళంగా మాట్లాడగలడు. మిగతా ప్రపంచాన్ని ఆ నాలుగింటిలోకి లాగి మాట్లాడతాడు.

ఫోరంలో ముగ్గురు కూర్చునేవారు. నడుమ అధ్యక్షుడు, రిటైరైన జడ్జీ. ఒక పక్క ఎప్పుడూ గడియారం చూసుకునే సభ్యుడు, ఇంకో పక్క కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ. పాపిట్లో నిండుగా సిందూరం. ఏమైందో చెప్పమని అధ్యక్షుడు అడిగాడు. అమ్మ లేచి, ముసుగు సర్దుకుని, తెలుగులోనే చెప్పింది.

"మా ఆయన బతికుండగానే నా పసుపుకుంకాలు తీసీసినారు బాబూ."

నాన్న గొంతు సవరించుకుని అనువదించాడు. "సాబ్, ఇన్‌కా హల్దీ-కుంకుమ్ ఖతం కర్ దియా."

"హల్దీ భీ?" అన్నాడు అధ్యక్షుడు. పసుపు కూడానా అని.

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా తొడ గిల్లింది, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకని. నాన్న నమ్మకంగా "హా సాబ్, హల్దీ భీ" అన్నాడు. కుంకుమ పోయాక పసుపు మాత్రం ఎక్కడ మిగులుతుంది అని ఆయన లెక్క. గుమాస్తా ఫిర్యాదులో పసుపు కూడా చేర్చేశాడు.

తరవాతి వాయిదాకి కుంకుమ కంపెనీ తరఫున వకీలు వచ్చాడు. చక్కటి మనిషి, నుదుట రోజూ నిలువు చందనం బొట్టు, మాట తేనె. తన క్లయింటు పుట్టి బుద్ధెరిగాక పసుపు అనేదే తయారు చెయ్యలేదని, ఈ ఫిర్యాదు మొత్తం అబద్ధమనడానికి ఇదే సాక్ష్యమని వాదించాడు. ఆ వాయిదా అంతా పసుపు మీదే నడిచింది. పసుపు ఏ కొట్లో కొన్నారు, రసీదు ఏది, వండుకున్నారా పూసుకున్నారా. నాన్న చెమటలు కక్కాడు. చివరికి నేను అమ్మ గిల్లుడుని లెక్కచెయ్యకుండా లేచి, మా వాళ్ళకు పసుపుకుంకాలంటే రెండు పొడులు కావని, మొగుడు క్షేమంగా ఉన్నాడనడానికి అది ఒకటే మాటని చెప్పాను.

"అచ్ఛా, సుహాగ్" అంది ఆ కాలేజీ ఆవిడ, నవ్వు ఆపుకుంటూ. సౌభాగ్యం అని. ఆ ఒక్క మాట ముప్పై ఏళ్ళలో నాన్న చెవిన పడలేదు. ఏ స్టేషన్ మాస్టరూ దాన్ని మైకులో చెప్పి ఉండడు. ఆ రోజు నుంచి అనువాదం డ్యూటీ నాకు వచ్చింది, నాన్నకు టీ తెచ్చే డ్యూటీ మిగిలింది.

పసుపును కొట్టేసి కుంకుమ ప్యాకెట్‌కు లక్క ముద్ర వేసి ల్యాబుకి పంపారు. రిపోర్టు చాలా కాలం రాలేదు. ఈలోగా వాయిదాలూ, ఎండలూ, వానలూ. కాలనీలో సగం మంది ఆ కుంకుమ మానేశారు, సగం మంది మాకేం కాలేదు కదా అని మెరుస్తూనే ఉన్నారు. రిపోర్టు వచ్చాక చూస్తే అందులో పసుపూ లేదు, నిమ్మకాయా లేదు. బట్టలకు అద్దే రంగు ఒకటి, సీసం కలిసిన ఎర్రపొడి ఒకటి, అడుగున ఇంత పిండి. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ విని, "అయితే నాను ఇన్నాళ్ళూ నుదుట గోడకేసే రంగు ఎట్టుకున్నానన్నమాట" అంది.

మేం గెలిచేశామని అనుకున్నాం. నాన్న మిఠాయి కొట్టు వైపు చూశాడు కూడా. వకీలు చెక్కు చెదరలేదు. సంచీలోంచి కొత్త ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. అదే లక్ష్మీదేవి, అదే ఎరుపు. దేవి పాదాల కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక కొత్త మాట అచ్చయింది, పూజకు మాత్రమే అని. ఇక మీదట అన్ని ప్యాకెట్ల మీదా ఇది ఉంటుంది, ఇది దేవుడికి వాడే సరుకు, మనిషి చర్మానికి కాదు, దేవుడికి చర్మవ్యాధులు రావు కదా అని చిరునవ్వు నవ్వాడు. ఆవిడకు జరిగినదానికి విచారిస్తున్నామని, తోచింది ఇచ్చి పంపిస్తామని అన్నాడు. అధ్యక్షుడు తల పంకించాడు. గడియారం సభ్యుడు కూడా ఇది సబబుగానే ఉందన్నట్టు మొహం పెట్టాడు. మా జవాబు కోసం వాయిదా ఇచ్చారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చట్టం పుస్తకంలో ఏముందో లైబ్రరీకి వెళ్ళి చూస్తానని ఎగిరాను. అమ్మ ఇంటికి వచ్చి బియ్యం కడుగుతూ, "అమ్మోరికి ఎట్టిన కుంకం ఆ తరవాత ఎక్కడికి ఎల్తాదో ఆ చందనం బొట్టు బాబుకి తెల్దేటి" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

కాలనీలో మన తెలుగువాళ్ళ అమ్మవారి గుడి ఉంది. శుక్రవారం కుంకుమపూజ. పంతులుగారు ఒక్కో నామానికి చిటికెడు చొప్పున అమ్మవారి పాదాల మీద వేసిన కుంకుమంతా పూజ అయ్యాక ఆడవాళ్ళ నుదుళ్ళ మీదికి, భరిణెల్లోకి తిరిగి వచ్చేస్తుంది. మనకు అది వేరే చెప్పక్కర్లేదు. ఆ శుక్రవారం అమ్మ, ఆ కొత్త అచ్చు ప్యాకెట్ కొని తీసుకెళ్ళి పూజ చేయించింది. ప్రసాదం ఎవరికీ పంచొద్దు, పొడి అంతా నాకే ఇచ్చీండి అంది. పంతులుగారికి ఆవిడ పేరాశ నచ్చలేదని ముఖంలోనే తెలిసింది. అమ్మ పట్టించుకోలేదు. తన ఎదురుగానే అమ్మవారి పాదాలు పాలతో ఒకసారి, నీళ్ళతో రెండుసార్లు కడిగించి, "ఒక్క పూటే తల్లీ, కోర్టు పని" అని చెంపలు వేసుకుంది.

వాయిదా రోజున వకీలు తన పాత పాటే మళ్ళీ అందుకున్నాడు. పూజకు మాత్రమే, పూజకు మాత్రమే. అధ్యక్షుడు మా వైపు చూశాడు. అమ్మ లేచింది. చేతిసంచీలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది, నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పింది.

"ఆ వకీలుబాబు చెప్పినట్టే చేసినాను బాబూ. పూజకే వాడినాను. పూజ అయిపోనాది. ఇది ప్రసాదం."

నేను హిందీలో చెప్పేలోపే అమ్మ బల్ల చుట్టూ నడిచి వకీలు ఎదుట నిలబడింది. ఉంగరం వేలితో పొట్లంలోంచి చిటికెడు తీసుకుని, పేరంటంలో పెట్టినంత మర్యాదగా ఆయన నుదుటి వైపు చెయ్యి చాపింది. వకీలు తల చటుక్కున వెనక్కి పోయింది. కుర్చీ కూడా ఓ జానెడు వెనక్కి పోయింది. చేత్తో చందనం బొట్టు కప్పుకున్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కళ్ళారా చూసింది ఆ ఒక్కసారే.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాలేజీ ఆవిడ ముందుకు వంగి, చాలా మెత్తగా, "వకీల్ సాబ్, ప్రసాద్ హై, మనా నహీ కర్‌తే" అంది. ప్రసాదాన్ని కాదనకూడదు. ఆయన ఏదో గొణిగాడు, తన చర్మం చాలా సున్నితమని. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుస్తున్నంతసేపూ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. గుమ్మం దగ్గర టీ గ్లాసులతో నిలబడ్డ నాన్న మొత్తం టీ ఒలకబోశాడు.

ఆ తరవాత కాలేజీ ఆవిడ, అమ్మ నుదురు ఒకసారి చూడొచ్చా అని అడిగింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ బలవంతం చెయ్యలేదు.

ఆర్డరు మాకు అనుకూలంగా వచ్చింది. ఆ కుంకుమ ఏ పేరు మీద, ఏ అచ్చుతో ఉన్నా కొట్లలోంచి వెనక్కి తీసుకోవాలని, మళ్ళీ అమ్మకూడదని. అమ్మకు కొంత పరిహారం కూడా ఇమ్మన్నారు, దాంతో నాన్న కాలనీ అంతటికీ మిఠాయి పంచాడు. ముసలమ్మకు రెండు ఎక్కువ ఇచ్చాడు. అమ్మ మిఠాయి ముట్టలేదు. కొట్లో చూసి వచ్చేదాకా నమ్మను అంది.

శ్రావణమాసం ముందర నేనూ అమ్మా బుధవారీ బజారుకు వెళ్ళాం. ఎప్పటిలాగే ముసుగు కనుబొమల దాకా ఉంది. పూజ సామాన్ల కొట్లో అలమర ఖాళీగా ఉంది, లక్ష్మీదేవి ప్యాకెట్లు ఒక్కటీ లేవు. అమ్మ ముఖంలో వెలుగు కనిపించింది. అంతలో పక్కన తెలిసిన గొంతు వినిపించింది. పక్క క్వార్టరు అత్త, మేం వెనక ఉన్నామని చూసుకోకుండా, కొట్టువాడితో గుసగుసలాడుతోంది. వాడు అటూ ఇటూ చూసి బల్ల కిందకు వంగి ఒక ప్యాకెట్ తీశాడు. అదే ఎరుపు.

అత్త వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. ప్యాకెట్ దాచడానికి ఆలస్యమైపోయింది.

"పూజకేనొదినా" అంది. "మొకానికి ఎట్టుకోను. అమ్మోరికి ఈ ఎరుపు బావుంటాదని."

అమ్మ అరుస్తుందని అనుకున్నాను. కొట్టువాణ్ణి ఫోరానికి లాగుతుందని కూడా అనుకున్నాను. అమ్మ రెండు చేతులతో కొంగు పట్టుకుని తల మీద నుంచి పూర్తిగా కిందికి లాగేసింది. డాక్టరు ముందు తప్ప, ఫోరంలో అడిగినా తియ్యని కొంగు. బజారు మధ్యలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, నల్లటి నుదుటి మీద తెల్లటి మచ్చ.

"ఎరుపు కాదొదినా. దీని రంగు ఇది. చూడు" అంది.

కొట్టువాడు తల తిప్పుకున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. అత్త చాలాసేపు చూసింది. ప్యాకెట్ బల్ల మీద పెట్టేసి, దగ్గరికి వచ్చి, మచ్చ తాకబోయి ఆగిపోయింది.

"నొప్పెడతాదేటొదినా?" అని అడిగింది.

ఏడాదిగా డాక్టరు చూశాడు, ల్యాబు పరీక్షించింది, ఫోరం విచారించింది, కాలనీ అంతా చెప్పుకుంది. ఆ మాట మాత్రం ఎవరూ అడగలేదు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ గొంతు మామూలుగానే ఉంది.

"నొప్పేటీ నేదొదినా" అంది. "సిగ్గుండీది."

కొంగు నడుముకు దోపుకుని, నన్ను రమ్మని సైగ చేసి, కూరగాయల వైపు నడిచింది.